ఎక్స్‌పాత్ కరెక్టే, మరి ఖాళీ ఎందుకొస్తోంది?

ప్రశ్న: జావాలో చిన్న డెస్క్‌టాప్ అప్లికేషన్ రాస్తున్నానండి. సర్వర్ నుంచి సోప్ (SOAP, ఎక్స్‌ఎంఎల్ ట్యాగుల్లో డేటా పంపే పద్ధతి) మెసేజ్ వస్తుంది, అందులోంచి కస్టమర్ పేరు, బ్యాలెన్స్ తీసుకుంటే చాలు. ఇన్నాళ్ళూ రెజెక్స్‌తో (అక్షరాల నమూనా ఇచ్చి వెతకడం) లాగించేశా. మొన్న వాళ్ళు ట్యాగుల ముందున్న ఎన్ఎస్1ని ఎన్ఎస్2 చేశారు, మొత్తం పడిపోయింది. ఎక్స్‌పాత్‌కి (XPath, కావాల్సిన ట్యాగుకి దారి రాసి వెతికే భాష) మారితే ఏమీ రావట్లేదు, ఎర్రర్ కూడా లేదు. పైగా తెలుగు పేర్లు పిచ్చి గుర్తుల్లా కనిపిస్తున్నాయి.
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: సర్వర్ వాళ్ళని తిట్టుకోకండి, ఎక్స్‌ఎంఎల్ లెక్కలో అది తప్పే కాదు. ఎన్ఎస్1 లాంటి ప్రిఫిక్స్ అంటే ఆ మెసేజ్ వరకు పెట్టుకున్న ముద్దుపేరు, అసలు పేరు నేమ్‌స్పేస్ (ట్యాగులు ఏ గుంపువో చెప్పేది) ఎదురుగా ఉండే ఆ పొడవాటి యూఆర్ఐ, చూడ్డానికి వెబ్ అడ్రస్‌లా ఉంటుంది.

మీ ఖాళీకి కారణం కూడా చాలావరకు ఇదే అయ్యుంటుంది. ఎక్స్‌పాత్ 1.0లో ప్రిఫిక్స్ లేకుండా //కస్టమర్ అని రాస్తే ఏ నేమ్‌స్పేస్‌లోనూ లేని కస్టమర్ అని అర్థం, అలాంటిది మెసేజ్‌లో లేదు కాబట్టి ఖాళీ ఇచ్చి ఊరుకుంటుంది, దాని దృష్టిలో అది ఎర్రర్ కాదు మరి. జావా డాక్యుమెంట్ బిల్డర్ ఫ్యాక్టరీలో నేమ్‌స్పేస్ అవేర్ సెట్టింగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ముందు దాన్ని ఆన్ చేయండి. తర్వాత నేమ్‌స్పేస్ కాంటెక్స్ట్ ఒకటి రాసి మీకిష్టమైన ప్రిఫిక్స్‌ని, సి అనుకోండి, ఆ యూఆర్ఐకి కట్టేసి //సి:కస్టమర్/సి:నేమ్ అని అడగండి, రేపు వాళ్ళు ఎన్ఎస్7 పెట్టుకున్నా మీకేం కాదు. నేమ్‌స్పేస్ పట్టించుకోకుండా ట్యాగు పేరు మాత్రమే చూసే లోకల్ నేమ్ ఫంక్షన్ వాడేయమని చాలామంది చెప్తారు, పనైతే జరుగుతుంది గానీ వేరే నేమ్‌స్పేస్‌లో అదే పేరుతో ఇంకో ట్యాగ్ ఉంటే అదీ వచ్చి కూర్చుంటుంది, నాకైతే నచ్చదు.

తెలుగు సంగతి. వచ్చిన బైట్లని మీరే స్ట్రింగ్ చేసి పార్సర్‌కి (ఎక్స్‌ఎంఎల్‌ని చదివే భాగానికి) ఇస్తున్నారేమో చూడండి. జావా 18కి ముందు డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) ఆపరేటింగ్ సిస్టమ్‌ని బట్టి ఉండేది, విండోస్‌లో అది సాధారణంగా యూటీఎఫ్-8 కాదు. యూటీఎఫ్-8లో ర 3 బైట్లు, దాని దీర్ఘం ఇంకో 3, అందుకే ఒక్క 'రా'కే ఆరు పిచ్చి గుర్తులు. ఇన్‌పుట్ స్ట్రీమ్‌ని నేరుగా పార్సర్‌కే ఇచ్చేయండి, మొదటి లైన్లో ఉన్న ఎన్‌కోడింగ్ అదే చూసుకుంటుంది.

మీ మెసేజ్ చిన్నది, డామ్ (DOM, డాక్యుమెంట్ బిల్డర్ చేసి ఇచ్చే చెట్టు) చాలు. వందల ఎంబీ ఫైళ్ళయితే డామ్ మొత్తం మెమరీలో పెట్టేస్తుంది కాబట్టి స్టాక్స్ (StAX) లాంటి, ముక్కముక్కగా అడిగి చదివే పుల్ పార్సర్ వాడాలి.

ఇంకోటి, సోప్ మెసేజ్‌లో డాక్‌టైప్ (DOCTYPE, ఎక్స్‌ఎంఎల్ మొదట్లో ఎంటిటీల్లాంటివి ప్రకటించే భాగం) ఉండకూడదని స్పెసిఫికేషన్‌లోనే ఉంది. ఫ్యాక్టరీలో దాన్ని బ్లాక్ చేసేయండి, లేదంటే ఎక్స్‌టర్నల్ ఎంటిటీ (బయటి ఫైల్‌ని లోపలికి లాగే గుర్తు) పెట్టి మీ మెషీన్లో ఫైళ్ళు చదివించే మెసేజ్ ఎవరైనా పంపొచ్చు.