ఫ్రెండ్ బ్యాండ్ ఆల్బమ్‌కి నా పొదుపు పెట్టమంటున్నారు, ఇవ్వనా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను. కాలేజీ రోజుల నుంచీ నాకు బాగా దగ్గరైన స్నేహితుడు ఒక రాక్ బ్యాండ్ నడుపుతున్నాడు. సొంత పాటలు పది దాకా ఉన్నాయి, మంచి స్టూడియోలో ఆల్బమ్ చేద్దామంటున్నారు. అందుకు నా పొదుపులో మూడో వంతు అడుగుతున్నాడు. ‘హిట్టయ్యాక చూసుకుందాం, నువ్వు బయటివాడివా?’ అంటాడు. నాకు గిటార్ కొద్దిగా వచ్చు. బ్యాండ్‌లోకి తీసుకుంటామని, కవర్ మీద పేరు వేస్తామని కూడా అన్నారు. అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వానా వాళ్ల ‘నెవర్‌మైండ్’ ఆల్బమ్ ఎంత తక్కువలో తీశారో, ఎంత సంపాదించిందో చూడమంటున్నారు. ఇవ్వాలా? ఇస్తే అప్పుగా ఇవ్వాలా, వాటా అడగాలా?

జవాబు: మీ ఉత్తరంలో గిటార్, కవర్ మీద పేరు అన్న మాటలు చదవగానే నాకు ‘నెవర్‌మైండ్’ కన్నా ముందు వచ్చిన ఆల్బమ్ గుర్తొచ్చింది. మీ స్నేహితులు దాని సంగతి చెప్పినట్టు లేరు. మీ కథ అచ్చంగా అక్కడ ఒకసారి జరిగిపోయింది.

నిర్వానా మొదటి ఆల్బమ్ ‘బ్లీచ్’. సియాటిల్‌లో జాక్ ఎండినో అనే ఇంజినీరు దగ్గర 1988 చివర్లో, 1989 మొదట్లో రికార్డు చేశారు. బిల్లు 606 డాలర్ల 17 సెంట్లు. ముప్పై గంటల పని, అంటే గంటకి ఇరవై డాలర్ల చొప్పున. అదీ కట్టుకునే స్థితిలో లేదు బ్యాండ్. ఆ డబ్బు జేసన్ ఎవర్‌మన్ అనే మిత్రుడు ఇచ్చాడు. ఆయన్ని రెండో గిటారిస్టుగా బ్యాండ్‌లోకి తీసుకున్నారు. ఆల్బమ్ కవర్ మీద జుట్టు ఎగరేస్తూ ఆయన ఫొటో ఉంది, లోపల గిటారిస్టుగా పేరూ ఉంది. నిజానికి ఆ ఆల్బమ్‌లో ఆయన ఒక్క తీగ కూడా మీటలేదు. ఆ వేసవిలో టూర్‌ని మధ్యలో ఆపేసి ఇళ్లకి వెళ్లిపోయాక బ్యాండ్‌లోనూ లేడు. ఆ 606 డాలర్లు ఎవరూ తిరిగివ్వలేదు. (ఎవర్‌మన్ తర్వాత అమెరికా సైన్యంలో స్పెషల్ ఫోర్సెస్ దాకా వెళ్లి, ఆపైన కొలంబియా యూనివర్సిటీలో ఫిలాసఫీ చదివాడు. డబ్బు పోయిందని కూర్చుని ఏడ్చే రకం కాదన్నమాట. అందరూ అలా ఉండలేరు.)

ఆయనకి రావలసింది ఎంత? ఇది తేల్చుకుంటే మీ ప్రశ్నలో సగం తేలిపోతుంది.

అప్పు అనుకుందాం. పది శాతం మామూలు వడ్డీ వేసినా మూడేళ్లకి 800 డాలర్లు కూడా కాదు. వాటా అనుకుందాం. కాపీకి ఒక్క సెంటు, అంటే డాలర్లో నూరో వంతు, రాయించుకుని ఉంటే? ‘బ్లీచ్’ అమెరికాలోనే 17 లక్షల కాపీలకి పైగా అమ్ముడైంది. ఆ లెక్కన 17,000 డాలర్లు, పెట్టినదానికి 28 రెట్లు.

ఇక్కడిదాకా చూసి ‘అయితే వాటానే అడుగుతాను’ అనుకుంటారేమో, ఆగండి. ‘నెవర్‌మైండ్’ రాకముందు ‘బ్లీచ్’ అమ్ముడైంది 40,000 కాపీల దాకానే. కాపీకి సెంటు చొప్పున 400 డాలర్లు. అసలుకే 200 తరుగు! చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) మీద వచ్చిన మొదటి రికార్డుకి 40,000 అంటే మంచి అమ్మకమే, అయినా నష్టమే. మిగతా లక్షల కాపీలు అమ్ముడైంది ‘బ్లీచ్’ గొప్పతనం వల్ల కాదు. రెండో ఆల్బమ్ విన్నవాళ్లు ‘వీళ్ల పాతది ఏముంది?’ అని వెతుక్కుంటూ వచ్చి కొన్నారు. అంటే మీలాంటివాళ్లు డబ్బు పెట్టేది మొదటి ఆల్బమ్‌కి, కాసులు రాలేది, అసలు రాలితే, రెండోదానికో మూడోదానికో.

దీన్ని సరిగ్గా రాబట్టుకున్నది వాళ్ల లేబుల్, సబ్ పాప్. 1991 నాటికి అది దివాలా అంచున ఉంది. నిర్వానాని పెద్ద కంపెనీ గెఫెన్ తీసుకుపోయినప్పుడు ఊరికే వదల్లేదు. 75,000 డాలర్లు పుచ్చుకుంది, తర్వాత వచ్చే ఆల్బమ్‌ల అమ్మకాల్లో కొంత శాతం కూడా రాయించుకుంది. ఎలా అడగగలిగింది? చేతిలో సంతకం చేసిన ఒప్పందం ఉంది కాబట్టి. తమాషా ఏమిటంటే, ఆ కాగితం కావాలని పట్టుబట్టింది లేబుల్ కాదు, బ్యాండే. బాస్ గిటారిస్టు క్రిస్ట్ నోవోసెలిక్ సబ్ పాప్ యజమాని ఇంటికి తాగి వెళ్లి మరీ గొడవ చేశాడు. బ్యాండ్ అడిగిన కాగితం చివరికి లేబుల్‌ని బతికించింది. ఎవర్‌మన్ దగ్గర అలాంటిది ఏమీ లేదు.

ఇప్పుడు ‘తక్కువలో తీశారు’ అన్న మాట. 1991 మే, జూన్ నెలల్లో లాస్ ఏంజెలెస్ దగ్గర వాన్ నైస్‌లోని సౌండ్ సిటీ స్టూడియోలో, ప్రొడ్యూసర్ బుచ్ విగ్‌తో ‘నెవర్‌మైండ్’ రికార్డు చేశారు. మొదట అనుకున్న బడ్జెట్ 65,000 డాలర్లు. విగ్ చేసిన మిక్సింగ్ (విడివిడిగా రికార్డయిన వాయిద్యాల్ని, గొంతుని సమతూకంగా కలపడం) నచ్చక మళ్లీ ఆండీ వాలెస్‌ని పిలిపించారు, దాంతో ఖర్చు ఆ గీత దాటేసింది. రికార్డింగ్‌లో ఇది మామూలే. మీ వాళ్లు చెప్పిన అంకె కూడా పెరుగుతుంది. పెరిగిన రోజున ఫోన్ మీకే వస్తుంది.

అలాగని డబ్బు పోస్తే పాట వస్తుందా అంటే అదీ కాదు. ఆ ఆల్బమ్‌లో చివరి పాట ఎంతకీ కుదరకపోతే, బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబేన్ కంట్రోల్ రూములో సోఫా మీద వెల్లకిలా పడుకుని, శ్రుతి సరిగా లేని అయిదు తీగల పాత గిటార్‌తో, గొణుగుతున్నంత మెల్లగా పాడి వినిపించాడు. విగ్ పరుగున వెళ్లి ఫోన్ తీసేసి, ఫ్యాన్ ఆపి, తలుపులు మూసి, అక్కడే మైకులు పెట్టి రికార్డు చేశాడు. డబ్బు కొనిపెట్టింది స్టూడియో గంటల్ని, విగ్ చెవిని. పాట మాత్రం ముందే ఉంది. అందుకే మీ స్నేహితుణ్ని నేను మొదట అడిగేది బడ్జెట్ కాదు. ఆ పది పాటలు ఎన్నిసార్లు జనం ముందు వాయించారు? అసలు పరిచయం లేనివాళ్లు ఎంతమంది రెండోసారి వచ్చి విన్నారు? దీనికి జవాబు నీళ్లు నములుతూ వస్తే మీ డబ్బు ముందు ప్రాక్టీసు గదికి వెళ్లాలి, ఖరీదైన స్టూడియోకి కాదు.

ఇంకో సంగతి. ఆ రికార్డింగ్ ముగించుకుని ఇంటికొచ్చేసరికి కోబేన్ సామాను రోడ్డు మీద ఉంది. అద్దె బాకీకి ఇల్లు ఖాళీ చేయించారు. కొన్నాళ్లు కారులోనే పడుకున్నాడని ఆయన జీవితకథలు రాసినవాళ్లు చెబుతారు. సెప్టెంబర్ 24న ఆల్బమ్ విడుదలైనప్పుడు అమెరికాలో కంపెనీ దుకాణాలకి పంపింది 46,251 కాపీలే. అమెరికాలో ఆల్బమ్‌లకి వారం వారం ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ చార్టులో అడుగుపెట్టింది 144వ స్థానంలో. ఎమ్‌టీవీలో అందులోని ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ పాట వీడియో పదేపదే వేశాక జనవరి 1992లో మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ని కిందికి దించి మొదటి స్థానానికి వచ్చింది. ప్రపంచం మొత్తం మీద 3 కోట్ల కాపీలు అంటారు. డబ్బు వృత్తిగా పెట్టుకున్న కంపెనీయే ఇంతవుతుందని ఊహించలేదు. మీరూ నేనూ ముందే పసిగడతామా?

కాపీలు అమ్ముడైనంత మాత్రాన అందరికీ సమానంగా రాదు కూడా. ఒక పాట మీద రెండు రకాల హక్కులుంటాయి. రికార్డయిన ఆ శబ్దం మీద హక్కుని మాస్టర్ అంటారు, రికార్డింగ్ ఖర్చు పెట్టుకున్న కంపెనీకి మామూలుగా అదే దక్కుతుంది. బాణీ, మాటల మీద హక్కు పబ్లిషింగ్, అది రాసినవాళ్లది. నిర్వానాలో మొదట అందరూ సమానంగా పంచుకుందామనుకున్నారు. లక్షల్లో డబ్బు వచ్చాక 1992లో కోబేన్ పంపకం మార్చమన్నాడు: మాటల మీద మొత్తం తనకే, సంగీతం మీద 75 శాతం తనకే, అదీ వెనకటి తేదీ నుంచి. పాటలు రాసింది ఎక్కువగా ఆయనే కాబట్టి అడగడంలో తప్పులేదు. వెనక్కి వెళ్లి లెక్కలు తిరగరాయడమే మిగతా ఇద్దరికీ మింగుడు పడలేదు, బ్యాండ్ విడిపోయేదాకా వచ్చింది. ఒకే వ్యానులో తిరిగి, ఒకే గదిలో పడుకున్నవాళ్లు వీళ్లు. మీ స్నేహితుడి ‘హిట్టయ్యాక చూసుకుందాం’ అన్న మాట నాకెందుకు భయమో అర్థమైందనుకుంటాను.

సరే, మీ డబ్బు. మూడో వంతు వద్దు. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉందా? క్రెడిట్ కార్డు బాకీలాంటివి ఏమైనా ఉన్నాయా? ఇవి తేలాక మిగిలిన పొదుపులో ఇరవయ్యో వంతు దాకా ఇవ్వండి, నా లెక్కలో అదే ఎక్కువ. రేపు ఆ అంకె సున్నా అయినా మీ ఇంట్లో ఎవరి ప్లానూ మారకూడదు. మొహమాటానికి అంతకు మించి ఒప్పుకోకండి. మిగతాది వాళ్లు నలుగురూ తలా కొంత వేసుకోవాలి. తమ జేబులోంచి పైసా తీయని బ్యాండ్‌కి బయటివాళ్లు ఎందుకు తీయాలి?

అప్పుగా ఇవ్వడం నాకు ఇష్టం లేదు. బ్యాండ్ అన్నది ఒక మనిషి కాదు, ఇద్దరు తప్పుకుంటే ఎవరిని అడుగుతారు? పోతే అసలు పోతుంది, పెద్ద హిట్టయితే వడ్డీ మాత్రమే వస్తుంది. రెండువైపులా నష్టం మీకే. ఒకప్పుడు నేనూ ఒక మిత్రుడి చిన్న వ్యాపారానికి ఇలాగే ఇచ్చాను. నేను వాటా అనుకున్నాను, అతను చేబదులు అనుకున్నాడు. వ్యాపారం బాగా నడిచాక అసలు తెచ్చి చేతిలో పెట్టి థాంక్స్ చెప్పాడు. అతను అబద్ధం ఆడలేదు, మేమిద్దరం ఆ ముక్క ముందు మాట్లాడుకోలేదంతే. ఇలాంటి పనులు చేసుకుని బతికేవాణ్ని నేను, అయినా!

కాబట్టి వాటా అడగండి, లేదా తిరిగి రానక్కర్లేని కానుకగా ఇచ్చేయండి. రెండూ గౌరవంగానే ఉంటాయి. వాటా అయితే ఒకటి రెండు పేజీల కాగితం చాలు, కానీ దాని మీద అందరి సంతకాలూ ఉండాలి. పబ్లిషింగ్ జోలికి వెళ్లకండి, అది పాట రాసినవాళ్ల కష్టం. మాస్టర్ మీద వచ్చే రాబడిలోంచి ముందు మీ అసలు తీరాలి, ఆ తర్వాత ఒక చిన్న శాతం కొన్నేళ్లపాటు రావాలి. ఈ పాటల్ని తర్వాత ఏ కంపెనీ కొనుక్కున్నా మీ శాతం వాటితోపాటే వెళ్తుందని ఒక వాక్యం, వచ్చే ఆల్బమ్‌లో కూడా చిన్న వాటా అని ఇంకో వాక్యం రాయించండి. రెండోదానికి వాళ్లు బేరమాడతారు, ఆడనివ్వండి. లాయరుకి ఒకసారి చూపించండి. డబ్బు బ్యాండ్ చేతికి కాకుండా స్టూడియోకి నేరుగా కట్టండి, రికార్డింగ్‌కి కొంత, మిక్సింగ్ అయ్యాక కొంత. మొత్తం ఒకేసారి ఇస్తే డ్రమ్స్ దగ్గరే అయిపోతుంది.

స్ట్రీమింగ్ మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట గడిచిన 12 నెలల్లో వెయ్యి సార్లు వినబడకపోతే దానికి అసలు లెక్కే కట్టరు. కొత్త బ్యాండ్లకి కాస్తో కూస్తో కళ్లబడేది షోల డబ్బు, టీషర్టుల డబ్బు. మీ ఒప్పందం కేవలం రికార్డింగ్ మీదే అయితే అందులో మీకు పైసా రాదు, అది తెలిసే సంతకం పెట్టండి.

కవర్ మీద పేరు సంగతి అడిగారు. ‘నెవర్‌మైండ్’ కవర్ మీద నీళ్లలో ఈదే పసివాడి ఫొటోకి తల్లిదండ్రులకి ముట్టింది 200 డాలర్లు, అంతే. పేరు వేస్తామంటే సంతోషంగా వేయించుకోండి, దాన్ని మాత్రం రాబడి ఖాతాలో రాయకండి. గిటార్ విషయంలో మీరే నిజాయితీగా చెప్పాలి: చెక్కు లేకపోయినా వాళ్లు మిమ్మల్ని తీసుకునేవాళ్లేనా?

కాగితం రాసుకున్నాక సంతకాలకి ముందు ఒకసారి నాకు పంపండి, వచ్చే ఆల్బమ్ వాక్యం దగ్గర ఏమన్నారో చూడాలని ఉంది.