ఫర్లో చేసిన పైలట్‌ని మళ్లీ పిలుస్తారా? ఇప్పుడు మా అబ్బాయిని పైలట్ చదువులో పెట్టొచ్చా?

రాజోలు నుంచి ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అన్నగారి అబ్బాయి అమెరికాలో ఒక ఎయిర్‌లైన్‌లో కో-పైలట్. కంపెనీ ఫర్లో చేసి (అంటే జీతం లేకుండా తాత్కాలికంగా ఇంటికి పంపి), పరిస్థితి బాగుపడగానే రీకాల్ చేస్తామని, అంటే మళ్లీ పిలుస్తామని కాగితం ఇచ్చిందట. ఆ మాట నమ్మొచ్చా? ఈలోగా ఈయన సొంత కొడుకు ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి పైలట్ అవుతానంటున్నాడు. ఎకరం కొబ్బరితోట అమ్మి చదివించాలా, వద్దా?

రెంటికీ ఒకే జవాబు చెప్పలేనండి. మీ అన్నగారి అబ్బాయి చేతిలో ఉన్న కాగితానికి విలువ ఉంది. అలాంటి కాగితమే 2020లో ఇక్కడ పైలట్‌గా ఉన్న నాకూ వచ్చింది, దానికి మాత్రం పెద్దగా విలువ లేదు. ఆ తేడా నాకు పాలకొల్లు దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీద ఇరవై నెలలు కూర్చున్నాక తెలిసొచ్చింది. అందుకే ముందు నా కథ.

నేను 2015లో ఫ్లోరిడాలో ట్రైనింగ్ పూర్తిచేసి వచ్చాను. ఇక్కడ లైసెన్స్ మార్పించుకుని రెండేళ్లు ఖాళీగా తిరిగాను. సొంత డబ్బుతో ఎయిర్‌బస్ 320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి కావాల్సిన ప్రత్యేక అర్హత) చేశాక 2018లో ఉద్యోగం వచ్చింది. (ఊళ్లో అందరూ మధురపూడి (రాజమండ్రి) ఎయిర్‌పోర్టులో ఎప్పుడు దింపుతావని అడిగేవారు. నా రూట్లలో మధురపూడి ఎప్పుడూ లేదు. ఇంటికొచ్చేటప్పుడు నేనూ అందరిలాగే ఏటీఆర్ అనే చిన్న విమానంలో ప్యాసింజర్నే.) 2020 మార్చి 25న దేశంలో విమానాలు ఆగిపోయేసరికి నాకు 1,100 గంటల అనుభవం ఉంది. మే 25న మళ్లీ ఎగరడం మొదలైనా నన్ను పిలవలేదు. జులైలో మెయిల్ వచ్చింది. "ప్రస్తుతానికి మీ సేవలు నిలిపివేస్తున్నాం, అవసరం ఏర్పడినప్పుడు మీకు ప్రాధాన్యం ఇస్తాం" అని.

ఆ "ప్రాధాన్యం" అన్న మాటని ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు. ఎవరికన్నా ముందు? ఏ వరసలో? ఎప్పటిలోగా? ఇవేవీ అందులో లేవు. కానీ ఆశ అలాంటి వివరాలు అడగదు కదండీ. ఫోన్ లుంగీ మడతలో పెట్టుకుని నాన్నతో చెరువు పనికి పోయేవాణ్ని. వనామీ రొయ్య వేశాం. రాత్రి రెండింటికి కరెంటు పోతే ఏరియేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగకుండా జనరేటర్ వేయడానికి లేచేది నేనే, నైట్ డ్యూటీలకు అలవాటుపడిన ఒళ్లు కాబట్టి. మన గోదావరి వెటకారం సంగతి మీకు చెప్పక్కర్లేదు. "ఆయ్, మన పైలట్‌గారు ఇప్పుడు ఏరియేటర్లు నడుపుతున్నారండి" అని టీ కొట్టు దగ్గర రోజూ ఎవరో ఒకరు అనేవారు. మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత నేనే ముందుగా అనేసేవాణ్ని.

ఆ రోజుల్లో నేను చేసిన అసలు తప్పు వేరే ఉంది. 2021లో క్లాస్ 1 మెడికల్ (పైలట్ ఉద్యోగానికి తప్పనిసరైన వైద్య పరీక్ష) గడువు అయిపోతే పట్టించుకోలేదు. కరోనా రెండో వేవ్, హైదరాబాద్ వెళ్లాలంటే భయం, పైగా ఉద్యోగమే లేదు కదా, డబ్బు దండగ అనుకున్నాను. సిమ్యులేటర్ చెక్ (విమానం నమూనా యంత్రంలో పెట్టే పరీక్ష) కూడా అలాగే వదిలేశాను. సెప్టెంబరులో ఫోన్ వచ్చింది, అక్టోబరు బ్యాచ్‌కి కాగితాలు పంపమని. పరుగెత్తుకెళ్లి మెడికల్ చేయించుకుంటే పదకొండు కిలోలు పెరిగి ఉన్నాను, బీపీ గీత దాటింది. మూడు నెలలు టెంపరరీ అన్‌ఫిట్. నా తర్వాత చేరిన కుర్రాడు, మెడికల్ రెన్యువల్ చేయించుకుని ఉన్నవాడు, ఆ బ్యాచ్‌లో వెళ్లిపోయాడు. నాకు 2022 మార్చి దాకా పట్టింది, అదీ తక్కువ జీతానికి, కొత్త బాండ్ మీద సంతకం పెట్టి. పాత సీనియారిటీ ఏమైందని అడిగితే హెచ్ఆర్ అమ్మాయి నవ్వి ఊరుకుంది.

ఇప్పుడు అమెరికా సంగతి. అక్కడ ఫర్లో అంటే ఉద్యోగం పీకేయడం కాదు. పైలట్ల యూనియన్ కంపెనీతో రాసుకున్న ఒప్పందం ఉంటుంది, సీనియారిటీ లిస్ట్ ఉంటుంది. చివర చేరినవాణ్ని ముందు పంపుతారు. పిలిచేటప్పుడు తిరగేసి, పంపినవాళ్లలో సీనియర్‌ని ముందు పిలుస్తారు. మేనేజర్‌కి నచ్చినవాణ్ని పిలవడానికి వీల్లేదు. 2020 అక్టోబరు 1న ప్రభుత్వ సాయం గడువు తీరగానే అక్కడి పెద్ద కంపెనీలు వేల మంది ఉద్యోగుల్ని ఫర్లో చేశాయి. డిసెంబరులో కొత్త సాయం చట్టం రాగానే వెనక్కి పిలిచాయి. అదే కరోనా టైములో చాలామంది పెద్ద కెప్టెన్లు ప్యాకేజీ తీసుకుని ముందే రిటైరైపోయారు. దాంతో 2022కల్లా పైలట్లు దొరక్క అవే కంపెనీలు తల పట్టుకున్నాయి. అలాగని ప్రతిసారీ అంత తొందరగా అవదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత పంపేసినవాళ్లలో ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు ఉన్నారు.

కాబట్టి మీ అన్నగారి అబ్బాయిని "పిలుస్తారా?" అని అడక్కండి. "లిస్టులో నీకన్నా పైన ఎంతమంది ఫర్లోలో ఉన్నారు, మీ కంపెనీలో వచ్చే రెండేళ్లలో 65 నిండి రిటైరయ్యేవాళ్లు ఎంతమంది, నీ రీకాల్ హక్కు ఎన్నేళ్లు ఉంటుంది" అని అడగండి. ఈ మూడూ అతనికి తెలియాలి, లేదా యూనియన్‌లో అడిగి తెలుసుకోవాలి. నాలుగోది మీరే పేపర్లో చూసుకోవచ్చు: ఆ కంపెనీ దివాలా రక్షణలో ఉందా? కంపెనీయే మూతపడితే ఎంత గొప్ప సీనియారిటీ లిస్టయినా చిత్తుకాగితమే. అలాంటి చోట ఉంటే మాత్రం ఎదురుచూడొద్దు, ఈరోజే వేరే చోట అప్లై చెయ్యమనండి. బాధ ఏంటంటే, కొత్త చోట చేరితే లిస్టులో అట్టడుగు నుంచే మొదలు, సీనియారిటీ వెంట రాదు. పాత చోట రీకాల్ హక్కు వదులుకుంటున్నట్టు రాసివ్వమని అడిగే కంపెనీలూ ఉంటాయి. అది అతను, అతని భార్య కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్క. మనం ఇక్కణ్నుంచి సలహా చెప్పకపోవడమే మంచిది.

ఎదురుచూసినన్నాళ్లూ మెడికల్, చెక్‌లు గడువు దాటకుండా చూసుకోమనండి. తొంభై రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు లేకపోతే ప్యాసింజర్లతో విమానం నడపడానికి కుదరదు. అది కంపెనీ సిమ్యులేటర్‌లో చేయించి సరిచేస్తుంది. మెడికల్ మాత్రం మన ఒళ్లు, మన బాధ్యత. నాలా పెసరట్టు ఉప్మా మీద ఇరవై నెలలు గడిపేస్తే కష్టం.

మన దగ్గర పరిస్థితి వేరు. ఇక్కడ అమెరికాలోలా సీనియారిటీ లిస్ట్ ప్రకారం పిలిచే పద్ధతి లేదు, చాలావరకు కంపెనీ దయే. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆఖరి ఫ్లైట్ నడిపింది. గో ఫస్ట్ 2023 మేలో ఆగింది. జెట్‌ని మళ్లీ లేపే ప్లాన్‌కి 2021లో ఆమోదం కూడా వచ్చింది, ఎంతోమంది ఆశ పెట్టుకున్నారు. చివరికి 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆస్తులు అమ్మేయమంది. ఇంకో విషయం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. 2017లో డీజీసీఏ (మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ) పెట్టిన రూల్ ప్రకారం కెప్టెన్ మానెయ్యాలంటే ఏడాది నోటీసు ఇవ్వాలి, కో-పైలట్ ఆర్నెల్లు. నన్ను ఇంటికి పంపడానికి కంపెనీకి ఒక్క మెయిల్ సరిపోయింది.

ఇక మీ అబ్బాయి. పేపర్లు చూసి మీకు ఉత్సాహం వచ్చి ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470 విమానాలకి, జూన్‌లో ఇండిగో 500 విమానాలకి ఆర్డర్లు పెట్టాయి. నిజమే. కానీ ఆర్డర్ అంటే రొయ్య సీడ్‌కి (పిల్లలకి) అడ్వాన్స్ ఇచ్చినట్టు, పట్టుబడి కాదు. అవన్నీ వచ్చేసరికి పదేళ్లు పడుతుంది. ఈలోపు ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల గొడవతో ఉన్న విమానాలే పదుల సంఖ్యలో నేల మీద నిలబడ్డాయి, బోయింగ్ డెలివరీలు ఆలస్యమయ్యాయి. విమానం రాకపోతే కో-పైలట్ సీటూ రాదు.

"మరి 2025 డిసెంబరులో పైలట్లు చాలక ఇండిగో వేల ఫ్లైట్లు రద్దు చేసింది కదా" అంటారు. కొత్త రూల్స్‌లో పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచారు, రాత్రి డ్యూటీలో ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకి తగ్గించారు. కంపెనీ దానికి సరిపడా డ్యూటీ రోస్టర్ సిద్ధం చేసుకోలేదు. అది చూసి కొంత హైరింగ్ పెరగడం ఖాయం. అయితే కంపెనీలకి అన్నిటికన్నా ఎక్కువ కొరత ఉన్నది కెప్టెన్లకి. కెప్టెన్ లైసెన్స్‌కే 1,500 గంటలు కావాలి, కమాండ్ (కెప్టెన్ సీటు) ఇవ్వడానికి చాలా కంపెనీలు అంతకన్నా ఎక్కువే అడుగుతాయి. మీ అబ్బాయి 200 గంటల లైసెన్స్‌తో బయటికి వస్తాడు. 2023 ఒక్క ఏడాదిలోనే డీజీసీఏ 1,622 కమర్షియల్ లైసెన్సులు ఇచ్చింది. ఆ వరసలో నిలబడాలి. నేను నిలబడ్డది రెండేళ్లు, అదీ మంచి రోజుల్లో.

ఖర్చు చెప్తాను. ట్రైనింగ్‌కి 50 లక్షలు దాటుతోంది, పైన టైప్ రేటింగ్‌కి ఇంకో 15 నుంచి 25 లక్షలు. ఆ తర్వాత ఉద్యోగం వచ్చేదాకా రెండేళ్లు కూర్చోబెట్టి తిండి పెట్టే స్తోమత ఉండాలి. తోట అమ్మితే వచ్చే డబ్బు మొత్తం ఫీజుకే సరిపోతుందంటే నేను వద్దనే అంటాను. వడ్డీకి తెచ్చి టైప్ రేటింగ్ చేయించడం మరీ వద్దు, ఏ విమానం మీద రేటింగ్ చేశామో ఆ విమానానికే ఖాళీలుంటాయని గ్యారంటీ లేదు. ఫీజు ఎప్పుడూ విడతలుగానే కట్టండి. మా బ్యాచ్‌లో ఒకడు డిస్కౌంట్ అన్నారని మొత్తం ఒకేసారి కట్టాడు. ఆ స్కూల్ మూతపడింది, అతనిప్పుడు నరసాపురంలో రొయ్యల మేత డీలర్.

మీకు తొందరలేదు కాబట్టి ఒక పని చెయ్యండి. ముందు క్లాస్ 2 (తొలి మెట్టు వైద్య పరీక్ష), వెంటనే క్లాస్ 1 మెడికల్ చేయించండి. రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉందని లక్షలు కట్టాక తెలుసుకున్న కుర్రాళ్లని చూశాను. అది పాసైతే డీజీసీఏ పేపర్లు ఇంట్లో కూర్చుని చదివి రాయమనండి: ఎయిర్ రెగ్యులేషన్స్, నావిగేషన్, వాతావరణ శాస్త్రం. పుస్తకాలకి, ఆన్‌లైన్ క్లాసులకి అయ్యేది మొత్తం ఖర్చులో చిల్లర. ఏడాదిలో ఆ పేపర్లు పట్టుదలగా గట్టెక్కించాడంటే మళ్లీ ఇక్కడ రాయండి, ఏ స్కూల్, ఎలా కట్టాలి అన్నది అప్పుడు వివరంగా చెప్తాను. అప్పటిదాకా తోట బేరానికి వచ్చినవాళ్లకి కొబ్బరినీళ్లిచ్చి పంపించెయ్యండి.