అల్యూమినియం పలకల్ని కరిగించకుండా అతికించేదెలా?

7075 లాంటి అల్యూమినియం మిశ్రమాన్ని ఆర్క్ వెల్డింగ్ చేస్తే, అంటే విద్యుత్ ఆర్క్ వేడితో కరిగించి అతికిస్తే, అతుకు చల్లారేటప్పుడు పగుళ్లిస్తుంది. రాపిడి వేడితో లోహాన్ని మెత్తబరిచి, కలియతిప్పి అతికించే ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్‌లో ఆ బెడద ఎందుకు ఉండదన్నది ప్రశ్న. ఎందుకంటే ఇందులో లోహం అసలు కరగదు.

1991లో బ్రిటన్‌లోని టీడబ్ల్యూఐ అనే వెల్డింగ్ పరిశోధన సంస్థలో పుట్టిన పద్ధతి ఇది. రెండు పలకల్ని అంచుకు అంచు ఆనించి, కింద గట్టి స్టీలు పలక పెట్టి, కదలకుండా బిగిస్తారు. ఈ బిగింపులో అశ్రద్ధ చేస్తే మిగతాదంతా దండగ. తర్వాత గిర్రున తిరిగే టూల్‌ను పలకల అంచులు కలిసే గీత మీదికి దించుతారు. దాని కొసన పిన్ను, పైన వెడల్పాటి భుజం ఉంటాయి. పిన్ను పొడవు పలక మందం కంటే కాస్త తక్కువ. రాపిడికి లోహం సుమారు 400 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి ముద్దలా మెత్తబడుతుంది. పిన్ను ఆ ముద్దను కలియతిప్పుతూ ముందుకు సాగుతుంటే, భుజం పైనుంచి అదుముతుంది.

చిక్కంతా వేగాల దగ్గరే. టూల్ నెమ్మదిగా తిరుగుతూ ముందుకు మాత్రం త్వరగా పోతే లోహం చాలినంత మెత్తబడదు. అతుకు లోపల సొరంగంలా ఖాళీ మిగిలిపోతుంది. పైకి మాత్రం నున్నగా, ముచ్చటగా కనిపిస్తుంది! అందుకే కంటితో చూసి సరే అనుకోకుండా అల్ట్రాసోనిక్ లేదా ఎక్స్‌రే పరీక్ష చేయించాలి. టూల్‌ను 1 నుంచి 3 డిగ్రీలు వెనక్కి వంచితే లోహం బాగా అదుముకుంటుంది.

టూల్‌ను బయటికి తీసిన చోట గుంట పడుతుంది. ఆ గుంట అదనపు ముక్క మీద పడేలా టూల్‌ను నడిపించి, తర్వాత ఆ ముక్కను కోసేస్తారు. ఇంకొకటి, కరగకపోయినా వేడి తగులుతుంది కాబట్టి 6061-టీ6 లాంటి, వేడి ప్రక్రియతో గట్టిపరచిన అల్యూమినియం మిశ్రమాలు అతుకు పక్కన కొంత బలం కోల్పోతాయి.