రెండు శాట్ స్కోర్లలో ఏది పంపాలి?

ప్రశ్న: మావాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష శాట్‌లో మొదటిసారి 1350 (ఇంగ్లిష్ 650, మ్యాథ్స్ 700), రెండోసారి 1380 (610, 770) వచ్చాయి. పక్క ఫ్లాట్ అమ్మాయికి 1510. అమెరికా కాలేజీలకు ఏది పంపాలి? పంపకపోతే అనుమానిస్తారా? మూడోసారి రాయించమంటారా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, ముందు కంగారు పడకండి. మీవాడివి తలదించుకోవాల్సిన మార్కులు కావు. చాలా కాలేజీలు సూపర్‌స్కోర్ చూస్తాయి. ఏ భాగంలో ఎప్పుడు ఎక్కువొస్తే అది తీసుకుంటాయన్నమాట. అప్పటి ఇంగ్లిష్ 650, ఇప్పటి మ్యాథ్స్ 770 కలిపితే 1420. అలాంటి చోటికి రెండూ పంపేయండి. జార్జ్‌టౌన్ యూనివర్సిటీ రాసినవన్నీ పంపమంటుంది. ఎంఐటీ 2022లో స్కోరును మళ్లీ తప్పనిసరి చేసింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూసీ) కింది బర్క్‌లీ, యూసీఎల్‌ఏ లాంటివైతే 1600కి 1600 వచ్చినా చూడవు.

పంపడం మన ఇష్టానికి వదిలేసిన కాలేజీల దగ్గరే తకరారు. చేరిన పిల్లల్లో మధ్య సగం మందికి ఎంత నుంచి ఎంత వచ్చాయో ఆ కాలేజీ తన వివరాలు వెల్లడించే ‘కామన్ డేటా సెట్’ అనే పత్రంలో ఉంటుంది. 1420 ఆ మధ్యలో పడితే పంపండి, కింది అంకెను కూడా అందుకోకపోతే మానేయండి. పంపలేదని ఎవరూ తప్పుపట్టరు, ఇంటర్ మార్కులనూ వ్యాసాలనూ ఇంకాస్త శ్రద్ధగా చదువుతారు.

ఇంటర్ అవగానే అమెరికా అన్న ఈ మోజు మీదే నాకు అనుమానం. ఫీజులో సాయం కావాలని అడిగితే, విదేశీ పిల్లల విషయంలో చాలా కాలేజీలు సీటు ఇచ్చేటప్పుడే ఆ సంగతి లెక్కలోకి తీసుకుంటాయి. అలా చూడనివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాలుగేళ్ల ఖర్చు ఎలా తెస్తారో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. స్కోరు కన్నా ముందు తేల్చుకోవాల్సింది అది. అప్పు చేసి పంపేట్టయితే, ఇక్కడే బీటెక్ చేసి ఎంఎస్‌కు వెళ్లే దారి కూడా ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. పక్క ఫ్లాట్ అమ్మాయి మార్కులు రాశారు, మీవాడు ఏం చదవాలనుకుంటున్నాడో రాయలేదు. పోయిన వారం ద్వారకానగర్‌లో నా దగ్గరికి ఒక తండ్రీకొడుకులు వచ్చారు. మేం మాట్లాడుతున్నంతసేపూ ఆ కుర్రాడు వాటర్ బాటిల్ లేబుల్‌ను గోటితో గీకుతూనే ఉన్నాడు. నాలుగోసారి శాట్‌కు ఫీజు కట్టేశారట, వాడిని ఒక్క మాటైనా అడక్కుండా. మీరలా చేయకండి. పబ్లిక్ పరీక్షలు నెత్తిమీద పెట్టుకుని మూడో శాట్ వద్దేవద్దు.

కాలేజీల జాబితా వాడినే రాయమనండి. వాడి చేతిరాతతో ఉన్న ఆ కాగితం తీసుకుని ఇద్దరూ రండి, ఒక్కో కాలేజీకి ఏది పంపాలో కలిసి చూద్దాం.