గడ్డి మందులను కంపెనీ వారీగా కాదు, గ్రూపు వారీగా సర్దు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పురుగు మందుల లైసెన్సు వచ్చిందని, వానాకాలం నాట్లకు ముందే మిర్యాలగూడలో షాపు తెరుస్తున్నావని అక్క ఫోన్లో చెప్పింది. సంతోషం. నువ్వు డిగ్రీలో కెమిస్ట్రీ చదివావు కాబట్టి ఈ ఉత్తరంలో చెప్పేది నీకు తేలిగ్గానే అర్థమవుతుంది. ఎరువులు, విత్తనాల సంగతి నువ్వు వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. ఇప్పుడు కలుపు మందుల గురించే రాస్తున్నాను. రాక్‌లు సర్దకముందే నీకు ఇది చేరాలి.

అందరి షాపుల్లో గడ్డి మందులు కంపెనీ వారీగా ఉంటాయి. నువ్వు మాత్రం గ్రూపు వారీగా పెట్టు. కలుపు మొక్కలో ఏ పనిని అడ్డుకుని మందు దాన్ని చంపుతుందో దాన్ని బట్టి ప్రతి మందుకూ ప్రపంచమంతటా ఒక గ్రూపు నంబరు ఉంది. హెచ్‌ఆర్‌ఏసీ అనే అంతర్జాతీయ సంఘం ఈ పట్టికను తయారు చేస్తుంది. ఒకప్పుడు ఎ, బి, సి అని అక్షరాలు ఉండేవి, 2020లో అంకెలకు మార్చారు. పాత చార్టులో 'బి' అని కనిపిస్తే అది ఇప్పటి 2. ఆస్ట్రేలియాలో ఈ గ్రూపును డబ్బా మీదే పెద్దగా అచ్చు వేస్తారు. మన డబ్బాల మీద సాధారణంగా కనిపించేది రంగు త్రికోణం. అది మనిషికి ఎంత విషమో చెబుతుంది తప్ప గడ్డిని ఎలా చంపుతుందో చెప్పదు. చాలామంది రైతులు ఎర్ర త్రికోణమంటే గట్టి మందు, ఆకుపచ్చదంటే మెత్తటి మందు అనుకుంటారు. ఆ అపోహను మొదటి రోజు నుంచే పోగొట్టు.

సాగర్ ఎడమ కాలువ కింద ఏడాదికి రెండు పంటలూ వరే. ఒక రైతు నాటిన నాలుగో రోజు సాథీ చల్లాడనుకో. ఇరవయ్యో రోజు నామినీ గోల్డ్ కొట్టాడు. ఇంకా వెడల్పాకు కలుపు ఉందని ఆల్మిక్స్ కూడా కొట్టాడు. మూడు వేరు వేరు మందులు వాడాను, మార్చి మార్చి కొట్టాను అని అతని ధీమా. సాథీలో ఉన్నది పైరజోసల్ఫ్యూరాన్, నామినీ గోల్డ్‌లో బిస్పైరిబాక్, ఆల్మిక్స్‌లో మెట్‌సల్ఫ్యూరాన్, క్లోరిమ్యూరాన్. నాలుగూ గ్రూపు 2. నాలుగూ మొక్కలో ఏఎల్‌ఎస్ అనే ఒకే ఎంజైమును పట్టుకుని, మొక్క పెరగడానికి కావలసిన ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే అమైనో ఆమ్లాలు తయారు కాకుండా ఆపుతాయి. డోలో, క్రోసిన్, కాల్పాల్ మార్చి మార్చి వేసుకున్నా లోపలికి వెళ్లేది పారాసిటమాలే కదా, అలాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ రసాయనం పేరు కూడా మారుతుంది కాబట్టి కనిపెట్టడం ఇంకా కష్టం. పెనాక్సులమ్ కూడా 2. కౌన్సిల్ యాక్టివ్‌లో రెండు మందులున్నా రెండూ 2. వరి కోశాక మినుము వేసి, అందులో ఇమాజితాపిర్ కొట్టినా మళ్లీ అదే 2.

మందు కొట్టడం వల్ల కలుపు మొక్క మారిపోదు. వరి మడిలో మొలిచే ఊద అనే గడ్డినే తీసుకో, లక్షల ఊద మొక్కల్లో ఎక్కడో ఒకదానికి పుట్టుకతోనే ఆ ఎంజైములో చిన్న తేడా ఉంటుంది. ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మందు అక్కడ అతుక్కోదు. మిగతావన్నీ చచ్చి, ఆ ఒక్కటి మిగులుతుంది. ఊద వేల గింజలు వేస్తుంది, అవి వరి కోతకు రాకముందే మడిలో రాలిపోతాయి. మళ్లీ అదే గ్రూపు కొడితే వాటికి పోటీయే ఉండదు. రెండు కార్లూ, అంటే రెండు పంట కాలాలూ, వరి వేసే చోట ఇది ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది.

ఇది మన దాకా రాదులే అనుకోవద్దు. హర్యానా, పంజాబ్ గోధుమ పొలాల్లో గుల్లీ డండా అనే గడ్డి ఉంది. దానిమీద ఐసోప్రోట్యూరాన్ అనే మందు ఒక్కటే ఏళ్ల తరబడి కొట్టారు. 1990ల మొదట్లో అది పనిచేయడం మానేసింది. గోధుమ చేనులో గోధుమ కనిపించనంతగా గడ్డి కమ్మేసిన పొలాలున్నాయి. పచ్చి చేనును పశువుల మేతకు కోసిన రైతులూ ఉన్నారు. ఆ దశాబ్దం చివర్లో క్లోడినాఫాప్, ఫినాక్సాప్రాప్, సల్ఫోసల్ఫ్యూరాన్ వచ్చి గట్టెక్కించాయి. వాటినీ అలాగే ఏటా కొట్టడంతో వాటికీ లొంగని గడ్డి తయారైంది. మనకు దగ్గర్లో ఛత్తీస్‌గఢ్ వరి పొలాల్లో ఒక తుంగ జాతి బిస్పైరిబాక్‌కు లొంగడం లేదని శాస్త్రవేత్తలు తేల్చారు. కొత్త మందు వస్తుందిలే అని కూర్చోవడానికి లేదు. 1980ల తర్వాత దశాబ్దాల పాటు కొత్తగా పనిచేసే గ్రూపే మార్కెట్‌లోకి రాలేదు. ఉన్నవాటిని కాపాడుకోవాలి.

వరిలో నీకు రోజూ పనికొచ్చేవి ఇవి. బ్యూటాక్లోర్, ప్రెటిలాక్లోర్ గ్రూపు 15. పెండిమిథాలిన్ 3. ఆక్సాడయార్జిల్ 14. సైహలోఫాప్, ఫినాక్సాప్రాప్, మెటామిఫాప్ గ్రూపు 1, ఇవి గడ్డి జాతి కలుపునే చంపుతాయి. 2,4-డి గ్రూపు 4, ఇది వెడల్పాకు కలుపుకీ, తుంగకీ. పత్తిలో వాడే క్విజలోఫాప్ 1, పైరిథయోబాక్ మళ్లీ 2. మొక్కజొన్నలో అట్రజిన్ 5, టెంబోట్రయోన్ 27. రాక్ మీద ఒక్కో వరుసకు నంబరు అంటించు. బిల్లు మీద మందు పేరు పక్కన గ్రూపు నంబరు రాయి. ఆ బిల్లు రైతు జేబులోకి వెళ్తే, వచ్చే కారుకు మళ్లీ వచ్చినప్పుడు "పోయినసారి ఏం కొట్టావు పెద్దయ్యా?" అని అడగడానికి నీకు ఆధారం ఉంటుంది. బిల్లు పారేసేవాళ్లే ఎక్కువ, అందుకే నీ దగ్గర కూడా ఊరి వారీగా ఒక పుస్తకం పెట్టుకో.

ఒక ఏడాది ఎలా నడపాలో చెబుతాను. వానాకాలం నాటు వరిలో నాటిన మూడు నుంచి ఐదు రోజుల్లో ప్రెటిలాక్లోర్, అవసరమైతేనే ఇరవై రోజుల లోపు ఒక్కసారి బిస్పైరిబాక్. యాసంగిలో డ్రమ్ సీడర్‌తోనో, వెదజల్లో వేసినవాళ్లకు సేఫ్నర్ (వరి మొలకకు హాని కాకుండా కాపాడే పదార్థం) ఉన్న ప్రెటిలాక్లోర్, తర్వాత ఊదకు సైహలోఫాప్, వెడల్పాకు కలుపుకు 2,4-డి. ఆ యాసంగిలో గ్రూపు 2 పూర్తిగా పక్కన పెట్టు. మరుసటి వానాకాలం మొదటి మందుగా ప్రెటిలాక్లోర్ బదులు ఆక్సాడయార్జిల్ ఇవ్వు. మోతాదు మాత్రం ఎప్పుడూ లేబుల్ చూసే చెప్పు. సగం మోతాదు కొడితే అరకొరగా తట్టుకునే మొక్కలు బతికి, వాటి సంతానం ఇంకా మొండిగా తయారవుతుంది.

రెండు గ్రూపులు కలిపి కొడితే మంచిదని కంపెనీ వాళ్లు చెబుతారు. నిజమే, కానీ ఒక షరతు ఉంది. రెండు మందులూ ఒకే కలుపును చంపగలగాలి. ఆల్మిక్స్‌నూ సైహలోఫాప్‌నూ కలిపి 2, 1 అయ్యాయి అనుకుంటే సరిపోదు. ఊద మీద పనిచేసేది సైహలోఫాప్ ఒక్కటే. బిస్పైరిబాక్‌తో 2,4-డి కలిపినా అంతే, ఊద విషయంలో 2,4-డి ఉన్నా లేనట్టే. పెనాక్సులమ్, సైహలోఫాప్ కలిసిన మందులో అయితే రెండూ ఊదను పట్టుకుంటాయి. ఇంకో సంగతి, గ్రూపు 1 మందులను 2,4-డితో ఒకే ట్యాంకులో కలపనివ్వకు. గడ్డి సరిగా చావదు. మధ్యలో వారమైనా ఆగమను.

2,4-డి అమ్మేటప్పుడు పక్కన పత్తి ఉందా అని తప్పకుండా అడుగు. గాలికి కొద్దిగా సోకినా పత్తి ఆకులు ముడుచుకుపోతాయి. అదే పంపు కడగకుండా పత్తిలో పురుగు మందుకు వాడినా అంతే నష్టం. ఈ ఒక్క ప్రశ్న అడగక ఊళ్లో గొడవలైన సందర్భాలు నాకు తెలుసు.

మందు పనిచేయలేదని వచ్చే ప్రతి రైతుదీ నిరోధకత, అంటే కలుపు మందుకు లొంగకపోవడం, సమస్య కాదు, చాలావరకు వేరే కారణాలే ఉంటాయి. బిస్పైరిబాక్ ఊద రెండు నుంచి ఐదు ఆకుల మీద ఉన్నప్పుడే కొట్టాలి. ముదిరాక కొట్టి మందును తిడితే లాభం లేదు. మడిలో నీళ్లు తీసేసి కొట్టాడా, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పెట్టాడా, ఏ నాజిల్ వాడాడు, కొట్టిన వెంటనే వాన పడిందా, ఇవన్నీ అడుగు. లెప్టోక్లోవా అనే గడ్డి మీద బిస్పైరిబాక్ మొదటి నుంచీ అంతగా పనిచేయదు, దాన్ని చూసి నిరోధకత అనుకోకూడదు. అనుమానించాల్సిన గుర్తు ఒకటుంది: మిగతా కలుపంతా చచ్చి ఒక్క జాతే గుంపులు గుంపులుగా మిగలడం, చచ్చిన ఊద పక్కనే పచ్చగా అదే ఊద నిలబడడం, ఆ గుంపు పోయిన కారు కంటే ఈ కారు పెద్దదవడం. అలాంటప్పుడు అదే మందు రెట్టింపు మోతాదులో అడుగుతారు. ఇవ్వొద్దు. కంపెనీ టార్గెట్లు, స్కీములు, టూర్లు ఉంటాయి, ఆ ఒత్తిడి నాకు తెలుసు. అయినా ఇవ్వొద్దు.

గ్రూపులు మార్చినంత మాత్రాన అన్నీ సర్దుకుంటాయని కూడా చెప్పకు. కొన్ని కలుపు మొక్కలు మందును లోపలే విరగ్గొట్టి అరిగించుకుంటాయి. గుల్లీ డండా ఐసోప్రోట్యూరాన్‌ను తట్టుకున్నది అలాగే. ఆ శక్తి వచ్చిన మొక్క అంతకుముందు ఎన్నడూ చూడని వేరే గ్రూపు మందును కూడా తట్టుకోగలదు. హర్యానాలో చెరకు, బర్సీమ్ మేత, పొద్దుతిరుగుడు మార్చి వేసిన పొలాల్లో ఈ గడ్డి బెడద తగ్గింది. మన దగ్గర కూడా నీళ్లు అనుమానంగా ఉన్న యాసంగిలో ఒక్కసారైనా వరి మానేయమని చెప్పు. దమ్ముకు ముందు తడి పెట్టి కలుపు మొలిపించి దున్నేయడం, నారుమడిలోనే ఊదను ఏరడం (నారు కట్టలో కలిసి అది కూడా నాటు పడుతుంది), సాళ్లలో నాటినవాళ్లు కోనో వీడర్ (చేత్తో నెట్టే కలుపు తీసే పరికరం) తిప్పడం, వరికోత మిషన్ పొలంలోకి దిగేముందు దులపడం, ఇవన్నీ నీకు పైసా లాభం తేని సలహాలు. కౌంటర్ దగ్గర నిలబడి ఇవే ముందు చెప్పు. మిగిలిన పది మొక్కలను గింజ రాకముందు చేత్తో పీకించడం కంటే మంచి మందు నీ షాపులో ఉండదు.

ఎక్కడైనా అనుమానపు ఊద కనిపిస్తే, గింజ పండాక ఆ గుంపులోంచి కంకులు కోసి, నీడలో ఆరబెట్టి కాగితం కవరులో వేయి. ప్లాస్టిక్‌లో వేస్తే బూజు పడుతుంది. కవరు మీద ఊరు, పంట, మూడేళ్లుగా కొట్టిన మందుల గ్రూపులు రాసి కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లి చూపించు. మందు ఏ గ్రూపో తెలియకపోతే రాత్రి తొమ్మిది లోపు ఎప్పుడైనా నాకు ఫోన్ చెయ్యి. డబ్బా మీద రసాయనం పేరు చదివి వినిపిస్తే చాలు.

ఇట్లు,
మీ మామయ్య