రోడ్డు వేసిందెవరు?
(పుస్తకాల గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. సెలవుల్లో ఇంగ్లీషు రచయిత రైడర్ హాగార్డ్ రాసిన ‘కింగ్ సాలమన్స్ మైన్స్’ తెచ్చుకుని, అన్నానికి పిలిచినా లేవకుండా చదువుతున్నాడు. కాలేజీ రోజుల్లో నేనూ ఇష్టంగా చదివాను. ఇప్పుడు తిరగేస్తే ఆఫ్రికా వాళ్ల గురించి రాసిన కొన్ని చోట్ల మనసు ఒప్పుకోలేదు. అయినా మధ్యలో ఆపలేకపోయాను. ఆ పుస్తకానికి ఎందుకంత పట్టు? వాడిని చదవనివ్వొచ్చా?
– ఒక టీచరమ్మ, అనంతపురం

జవాబు: చదవనివ్వండమ్మా. చేతిలో పుస్తకం మాత్రం లాక్కోకండి. ఎందుకో నా సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బాపట్లలో మా పెదనాన్నగారింటి అటక మీద ఈ నవల దొరికింది. అట్ట లేదు, చివరి పేజీలు లేవు. సాలమన్ రాజు వజ్రాల గనులు వెతుక్కుంటూ ముగ్గురు ఇంగ్లీషువాళ్లు ఆఫ్రికా లోపలికి వెళ్లే కథ ఇది. నా ప్రతి చివర్లో వాళ్లు కొండ లోపల వజ్రాల గదిలో ఉంటారు. గగూల్ అనే ముసలి మంత్రగత్తె రాతి తలుపు దించేస్తుంది, తానే దాని కింద నలిగిపోతుంది. వీళ్ల దీపం ఆరిపోతుంది. అక్కడితో నా పుస్తకం అయిపోయింది! ఆ వేసవంతా అరుగు మీద కూర్చుని నాకు అదే టెన్షన్. కథ చెబుతున్నది ఆ ముగ్గురిలో ఒకడైన అలెన్ క్వాటర్‌మెయిన్ కదా, బయటపడకపోతే ఎలా చెబుతాడు అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు పూర్తి ప్రతి దొరికింది. ఇన్ని గంటలైనా గదిలో గాలి ఎందుకు పాడవలేదని వాళ్లకు అనుమానం రావడం, నేలలో రాతిపలక కనిపించడం, దాని కింద సొరంగాలు, చివరికి బొరియ లాంటి సందులోంచి పాకుతూ వెలుతురులో పడటం, అన్నీ లైబ్రరీలో నిలబడే చదివేశాను. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు లైబ్రేరియన్‌గా ఈ పుస్తకాన్ని ఎంతోమంది పిల్లల చేతికిచ్చాను.

నా లెక్కలో ఆ పట్టంతా క్వాటర్‌మెయిన్ గొంతులో ఉంది. యాభై అయిదేళ్ల చిన్నపాటి మనిషి. సింహం కరిచిన కాలు నొప్పి పెడుతూ ఉంటుంది. నేను పిరికివాణ్ణి అని తనే చెప్పుకుంటాడు. ప్రయాణానికి ఒప్పుకునే ముందు, తనకేమైనా అయితే లండన్‌లో వైద్యం చదువుతున్న కొడుక్కి ఏడాదికి 200 పౌండ్ల చొప్పున అయిదేళ్లు ఇవ్వాలని కాగితం రాయించుకుంటాడు. ఏ తుపాకీ, ఎన్ని ఎద్దులు, ఎన్ని నీళ్లు, అన్నీ లెక్కగా చెబుతాడు. ఇంత జాగ్రత్తపరుడు అబద్ధం చెప్పడనిపిస్తుంది. ఇక జట్టులోని కెప్టెన్ గుడ్ సగం గడ్డం గీసుకుని, ప్యాంటు లేకుండా, కట్టుడు పళ్లతో దొరికిపోతే అక్కడి కుకువానా తెగవాళ్లు అతన్ని దేవుడనుకోవడం ఉంది చూశారూ, అక్కడ మీవాడు నవ్వే ఉంటాడు.

చిక్కు కూడా ఆ నమ్మకంలోనే ఉంది. ఎద్దుల లెక్క చెప్పిన గొంతే ఆఫ్రికా గురించి ఏం చెప్పినా పిల్లలు నమ్మేస్తారు. దారిలో దాటిన కొండల అవతల ఈ ముగ్గురికీ బ్రహ్మాండమైన పాత రోడ్డు కనిపిస్తుంది. ఎవరు వేశారో అక్కడివాళ్లకు తెలియదట! తర్వాత మూడు పెద్ద రాతి విగ్రహాలు కనిపిస్తే క్వాటర్‌మెయిన్ బైబిల్లోని పేర్లు తీస్తాడు. నల్లవాళ్లు వాటిని కట్టి ఉంటారన్న ఊహ ఎవరికీ రాదు.

ఆ రోజుల్లో నిజంగానే అలా అనుకునేవారు. ఇప్పటి జింబాబ్వేలో సున్నం గానీ మట్టి గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చి, 11 మీటర్ల ఎత్తు దాకా కట్టిన గోడలున్నాయి. 1871లో కార్ల్ మౌఖ్ అనే జర్మన్ అక్కడికి వెళ్లి, ఒక చెక్క ముక్క తన పెన్సిల్ చెక్కలాగే ఉందని, కాబట్టి అది లెబనాన్ దేవదారు అని, కాబట్టి ఇది బైబిల్లో సాలమన్ రాజును చూడటానికి వచ్చిన షేబ రాణి కట్టించినదని తేల్చేశాడు. ఒక్క పెన్సిల్‌తో! 1905లో రాండల్-మకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ అనే పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వి చూసి, ఇది ఆఫ్రికా వాళ్ల పనేనని చెప్పారు. అక్కడి షోనా ప్రజల పూర్వీకులు కట్టారు. అయినా రొడీషియాలో (జింబాబ్వేకి అప్పటి పేరు) తెల్లవాళ్ల ప్రభుత్వానికి ఆ మాట రుచించలేదు. 1980లో స్వాతంత్య్రం వచ్చినప్పుడు ఆ దేశం ఆ రాతి గోడల పేరే పెట్టుకుంది. మీవాడు చదవడం అయ్యాక ఒక్క ప్రశ్న అడగండి: ఆ రోడ్డు వేసిందెవరు?

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది కుకువానా అమ్మాయి ఫౌలాటా. జ్వరంతో పడి ఉన్న గుడ్‌కి రాత్రీ పగలూ సేవ చేసి బతికించిన పిల్ల. ఆమె చనిపోయాక, ఒక రకంగా అదే మంచిదైందన్నట్టు రాస్తాడు క్వాటర్‌మెయిన్, తెల్లవాడికీ నల్లపిల్లకీ కుదరదని. డిగ్రీలో ఆ వాక్యం మీద నా కళ్లు ఆగనే లేదు. నలభై దాటాక చదివినప్పుడు పుస్తకం మూసి పక్కన పెట్టాను.

అదే పుస్తకం మొదట్లో ఇదే మనిషి నల్లవాళ్లను తిట్టే మాట ఒకటి రాసి, లేదు, ఇది నాకు నచ్చదు, కొట్టేస్తున్నాను అంటాడు. చివర్లో కుకువానాల రాజు ఇగ్నోసి, తుపాకులూ సారా తెచ్చే తెల్ల వ్యాపారుల్ని నా దేశంలోకి రానివ్వనని వాళ్ల మొహం మీదే చెబుతాడు. నవల వచ్చిన 1885లోనే, ఆఫ్రికాను పంచుకోవడానికి యూరప్ దేశాలు కూర్చున్న బెర్లిన్ సమావేశం ముగిసింది. ఆ ఏడాదే ఇగ్నోసి చేత ఆ మాట అనిపించాడంటే హాగార్డ్‌కి కొంతైనా తెలుసు.

మీవాడికి ఇంకో రెండేళ్లు వచ్చాక నైజీరియా రచయిత చినువా అచెబె ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ (1958) ఇవ్వండి. ఇలాంటి కథలు చదువుతూ చిన్నప్పుడు తానూ తెల్లవాళ్ల పక్షమే ఉండేవాణ్ణని ఆయనే చెప్పుకున్నాడు. దక్షిణాఫ్రికా రచయిత సోల్ ప్లాట్యే రాసిన ‘మ్హూది’ (1930) దొరికితే మీరే ముందు చదవండి.

ప్రశ్న: ఈ నవల పందెం మీద రాశారట, నిజమేనా? గ్రహణం సంగతిలో తప్పుందని కూడా విన్నాను.
– ఒక డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: నిజమే బాబూ. ‘ట్రెజర్ ఐలాండ్’లో (స్టీవెన్సన్ రాసిన సాహస నవల) సగం బాగా కూడా నువ్వు రాయలేవని హాగార్డ్‌తో వాళ్ల అన్నగారు అంటే, ఆరు వారాల్లో రాసేశాడు. ప్రచురణకర్త హక్కులన్నిటికీ కలిపి 100 పౌండ్లు ఇస్తానంటే తీసుకోబోయాడు. గదిలో ఉన్న గుమాస్తా, రాయల్టీ తీసుకోండి అని మెల్లిగా చెప్పాడట. ఆ మాట విని బాగుపడ్డాడు.

గ్రహణం తప్పు మన పంచాంగం చూసే ముసలమ్మలు కూడా పట్టేస్తారు. కుకువానాలను నమ్మించడానికి వీళ్లు గ్రహణం వస్తుందని ముందే చెప్పే చోటు ఒకటుంది. మొదటి ముద్రణలో ముందు రాత్రి నిండు పున్నమి, మర్నాడు సూర్యగ్రహణం! అమావాస్య కాకుండా సూర్యగ్రహణం ఎలా వస్తుంది? తర్వాతి ముద్రణల్లో చంద్రగ్రహణంగా మార్చాడు.

ప్రశ్న: ఈ కథ డర్బన్‌లో మొదలవుతుందట. మా తాతగారి చిన్నాన్న చెరకు తోటల పనికి అక్కడికే వెళ్లి తిరిగి రాలేదు. ఆ కాలంలో మనవాళ్లు అక్కడ ఉండేవారా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఉండేవారు బాబూ. మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. అందులో తెలుగువాళ్లు, తమిళులు ఉన్నారు. అయిదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు. హాగార్డ్ 1875లో పందొమ్మిదేళ్ల కుర్రాడిగా నాటాల్‌లో (డర్బన్ ఉన్న బ్రిటిష్ వలస రాజ్యం) దిగేసరికి మనవాళ్లు అక్కడికి వచ్చి పదిహేనేళ్లయింది. క్వాటర్‌మెయిన్ ఇల్లు డర్బన్‌లో బెరియా గుట్ట మీద ఉంటుంది. వజ్రాల వేటకు వెళ్లిన ఆ జట్టులో మాత్రం మనవాళ్లెవరూ లేరు.

మీ తాతగారి చిన్నాన్న గురించి వెతకొచ్చు. ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, జిల్లా రాసుకునేవారు. ఆ జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. తెలుగు పేర్లు ఇంగ్లీషులో ఎలా పడితే అలా రాశారు కాబట్టి పేరొక్కటే పట్టుకుంటే దొరకదు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తండ్రి పేరు, ఊరి పేరు రాసుకోండి. జిల్లా దగ్గర విజయనగరం అని కాకుండా విశాఖపట్నం అని చూడండి. అప్పుడు మీ ఊరు ఆ జిల్లా కిందే ఉండేది.