ఎక్స్ఛేంజ్ స్కాలర్‌షిప్‌కు తలుపు ఎక్కడుంది?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బట్టల దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి కడపలో ఎమ్మెస్సీ జియాలజీ మొదటి సంవత్సరం చదువుతోంది. ప్రభుత్వ ఖర్చుతో ఒక సెమిస్టరు యూరప్‌లో చదివి రావచ్చని, దాన్ని ఎక్స్ఛేంజ్ స్కాలర్‌షిప్ అంటారని, 85 వేలు కడితే సీటు ఖాయమని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. 5 వేలు అడ్వాన్సు ఇచ్చాను. మిగతాది కట్టమంటారా? ఆడపిల్లను ఒంటరిగా అంత దూరం ఎందుకని మా బావమరిది అంటున్నాడు. అసలు ఇలాంటిది నిజంగా ఉందా?
- ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: మిగతా 80 వేలు కట్టకండి. ఆ మాట ముందు చెప్పేస్తే మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

స్కాలర్‌షిప్ ఉన్న మాట నిజమే. దాన్ని అమ్మే హక్కు ఉందన్న మాటే అబద్ధం. ఎక్స్ఛేంజ్ అంటే ఇచ్చిపుచ్చుకోవడం. రెండు విశ్వవిద్యాలయాలు వియ్యమందుకున్నట్టు అనుకోండి. ముందు ఇరువైపుల పెద్దలు కూర్చుని ఒప్పందం రాసుకోవాలి. ఆ తర్వాత ఇక్కడి విశ్వవిద్యాలయం తన విద్యార్థుల్లో కొందరిని ఎంపిక చేసి, ‘వీళ్లను పంపుతున్నాం’ అని అక్కడికి పేర్లు రాస్తుంది. దీన్నే నామినేషన్ అంటారు. అక్కడి ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఆ పేర్లకే వస్తుంది. ఈ వ్యవహారంలో మూడో మనిషి కూర్చునే కుర్చీయే లేదు. కన్సల్టెన్సీ వాళ్లు మీ అమ్మాయిని ఏ విశ్వవిద్యాలయం తరఫున నామినేట్ చేస్తారో ఒకసారి అడిగి చూడండి. ఆ ప్రశ్నకు జవాబు రాకపోతే అడ్వాన్సు వెనక్కి అడగండి. రసీదు తీసుకునే ఉంటారనుకుంటాను.

వాళ్లు మీకు చెప్పింది బహుశా యూరోపియన్ యూనియన్ నడిపే ఎరాస్మస్ ప్లస్ గురించి అయివుంటుంది. 1987లో యూరప్ దేశాల విద్యార్థుల కోసం మొదలైన ఈ పథకంలో ఇప్పుడు మన దేశం లాంటి బయటి దేశాలకూ చోటుంది. అక్కడికి వెళ్లే మన విద్యార్థికి దేశాన్ని బట్టి నెలకు సుమారు 800 నుంచి 900 యూరోలు ఇస్తారు. ప్రయాణానికి దూరాన్ని బట్టి విడిగా ఇస్తారు. అక్కడి విశ్వవిద్యాలయం ట్యూషన్, పరీక్ష, ల్యాబు ఫీజులు వసూలు చేయకూడదు. ఇక్కడి ఫీజు మాత్రం మామూలుగానే కట్టుకోవాలి, ఎందుకంటే పిల్ల ఆ ఆరు నెలలూ కడప విద్యార్థినిగానే ఉంటుంది. డిగ్రీ ఇచ్చేదీ ఇక్కడే.

ఇదే ఇంటిపేరుతో ఎరాస్మస్ ముండస్ అని ఇంకొకటి ఉంది. అది పూర్తి మాస్టర్స్ కోర్సు. ఎవరికి వారు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ రెండింటినీ కలిపి చెప్పేవాళ్లు బజారులో చాలామంది ఉన్నారు. మీ అమ్మాయి ఇప్పటికే ఎమ్మెస్సీలో చేరింది కాబట్టి ఆ రెండోదాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం. జపాన్‌లో జాస్సో అనే ప్రభుత్వ సంస్థ ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు నెలకు 80 వేల యెన్‌లు ఇస్తుంది. కొరియా ప్రభుత్వానికీ ఒక ఎక్స్ఛేంజ్ పథకం ఉంది. వీటికీ విశ్వవిద్యాలయాల మధ్య ఒప్పందమే ఆధారం.

కాబట్టి మీ అమ్మాయి ముందు వెళ్లాల్సిన చోటు తన విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ వ్యవహారాల విభాగం. అలాంటి బోర్డు కనబడకపోతే రిజిస్ట్రారు కార్యాలయం. ‘మనకు విదేశీ ఒప్పందాలు ఉన్నాయా?’ అని మాత్రం అడగవద్దని చెప్పండి. ఉన్నాయనే అంటారు. శాలువాలు కప్పుకుని, పచ్చటి ఫైలు చేతులు మార్చుకుంటూ ఫొటో దిగిన ఒప్పందాలు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉంటాయి. వాటిలో సగానికి పైగా ఆ ఫొటోతోనే ముగిసిపోతాయని నా అనుభవం. అడగాల్సినవి వేరే: ఒప్పందంలో విద్యార్థుల మార్పిడి అనే మాట ఉందా? జియాలజీకి వర్తిస్తుందా? గడువు ఎప్పటిదాకా ఉంది? ఇప్పటిదాకా ఒక్కరైనా వెళ్లి వచ్చారా? ఈ నాలుగో ప్రశ్నకు ‘ఔను’ అంటే, అలా వెళ్లి వచ్చిన విద్యార్థి ఎవరో కనుక్కుని మాట్లాడమనండి. కన్సల్టెన్సీలో నెల రోజులు తిరిగినా తెలియనిది ఆ ఒక్క సంభాషణలో తెలుస్తుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థికి అన్నీ కుదిరాయి. అవతలి ప్రొఫెసరు ఒప్పుకున్నారు, మార్కులున్నాయి, డబ్బూ సిద్ధంగా ఉంది. నామినేషన్ ఉత్తరం మీద సంతకం కావాల్సి ఉండగా ఫైలు ఒక బల్ల మీద పదకొండు రోజులు పడుకుంది. గడువు దాటిపోయింది. సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి సెలవులో ఉన్నారట. ఆ కాలేజీ పేరు చెప్పను. నాకు మిగిలిన పాఠం ఏమిటంటే, ఫైలు ఎక్కడుందో రోజూ వెళ్లి చూడటం కూడా దరఖాస్తులో భాగమే. మీ అమ్మాయి మొహమాటస్తురాలైతే ఆ పని మీరే చేయండి.

ఒప్పందమే లేదనుకోండి, అప్పుడు ఎవరికి వారు వెళ్లగలిగే దారులు చూడాలి. అవి చదువుకునే సెమిస్టర్లు కావు, ల్యాబులో పనిచేసే ఇంటర్న్‌షిప్‌లు. ఫ్రాన్స్ రాయబార కార్యాలయం మన విద్యార్థులకు చార్పాక్ పేరుతో ఇచ్చే స్కాలర్‌షిప్‌లలో ‘చార్పాక్ ల్యాబ్’ అలాంటిది. భౌతిక శాస్త్రంలో 1992 నోబెల్ అందుకున్న జార్జ్ చార్పాక్ పేరు పెట్టారు. అక్కడి పరిశోధనశాలలో కొన్ని నెలలు పనిచేయడానికి నెలవారీ భత్యం ఇస్తారు. తైవాన్ విద్యాశాఖ టీప్ అనే పథకం కింద విదేశీ విద్యార్థులను తమ విశ్వవిద్యాలయాల్లో ఇంటర్న్‌షిప్‌లకు పిలుస్తుంది. జపాన్ వాళ్ల సకురా సైన్స్ కార్యక్రమం 2014 నుంచి నడుస్తోంది. కానీ అందులో రోజులే గాని నెలలు ఉండవు, పైగా పిలుపు జపాన్ సంస్థ నుంచి రావాలి.

మీ అమ్మాయికి పనికిరానివీ చెబుతాను, రేపు ఎవరైనా వాటిని చూపించి డబ్బు అడిగితే తెలుస్తుంది. జర్మనీలోని డాడ్ సంస్థ ఇచ్చే వైజ్ ఇంటర్న్‌షిప్ డిగ్రీ స్థాయి సైన్సు, ఇంజినీరింగ్ వాళ్ల కోసం. తైవాన్ హువాయూ స్కాలర్‌షిప్ చైనీస్ భాష నేర్చుకునేవాళ్లకు. జపాన్ ప్రభుత్వం ఇచ్చే జపనీస్ స్టడీస్ స్కాలర్‌షిప్ ఆ భాషను, సంస్కృతిని ప్రధానంగా చదివేవాళ్లకు. మన సాంఘిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పూర్తి మాస్టర్స్‌కు, పీహెచ్‌డీకి మాత్రమే. ఒక సెమిస్టరుకు కాదు.

ఇప్పుడు నాకు ఇష్టమైన చోటికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఆపింది 85 వేలు కాదు, ‘కడపలో జియాలజీ’ అన్న మాట. మీ అమ్మాయి దగ్గర ఎంత పెద్ద పెట్టుబడి ఉందో మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. కడప పేరు ప్రపంచంలో భూగర్భ శాస్త్రవేత్తలందరికీ తెలుసు. కడప బేసిన్ అంటారు. సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న ప్రాచీన శిలల గిన్నె అది. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఈ శిలల మీద గ్రంథం రాసింది 1872లో. పులివెందుల దగ్గర శిలల్లోకి చొచ్చుకొచ్చి గట్టిపడిన శిలాద్రవం పొరకు సుమారు 190 కోట్ల ఏళ్ల వయసు కట్టారు. వేంపల్లె సున్నపురాళ్లలో స్ట్రోమటోలైట్లు ఉన్నాయి, అంటే భూమ్మీద జంతువులు పుట్టకముందు సూక్ష్మజీవులు పొర మీద పొరగా వదిలిన గుర్తులు. మంగంపేటలో ముగ్గురాయి, తుమ్మలపల్లెలో యురేనియం, గండికోటలో పెన్న కోసిన లోయ. ఫ్రాన్స్‌లో ఒక ప్రొఫెసరు వీటిని ఫొటోల్లో చూస్తూ పాఠం చెబుతుంటే, మీ అమ్మాయి ఆర్టీసీ బస్సెక్కి వెళ్లి చేత్తో తాకి రాగలదు.

ఇంటర్న్‌షిప్‌కు కావాల్సింది ‘రండి’ అని అక్కడి ప్రొఫెసరు రాసే ఒక ఉత్తరం. దాన్ని సంపాదించడానికి పిల్లలు రాసే మెయిళ్లు నేను చాలా చూశాను. ‘గౌరవనీయులైన సర్, నేను కష్టపడే మనస్తత్వం గల విద్యార్థిని, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో...’ అంటూ సాగుతాయి. అదే ఉత్తరం నలభై మందికి వెళ్తుంది. నలభైలో ఒక్క జవాబూ రాదు. మీ అమ్మాయిని ఇలా మొదలుపెట్టమనండి: ‘మా ఇంటికి గంటన్నర దూరంలో వేంపల్లె స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. ఫీల్డు ట్రిప్పులో నేను గీసిన ఒక సెక్షన్ జత చేస్తున్నాను. ఇందులో మూడో పొర నాకు అర్థం కాలేదు. మీరు ఇలాంటి శిలల మీద పనిచేస్తున్నారు కాబట్టి అడుగుతున్నాను.’ అంతే. నాలుగు వాక్యాలు, ఒక బొమ్మ. నిజంగా అర్థం కాని పొరనే రాయాలి, అల్లి రాస్తే చదివేవాళ్లకు తెలిసిపోతుంది. ఇలాంటివి నలభై అక్కర్లేదు, ఎనిమిది చాలు. ప్రతి దానికీ ఆ ప్రొఫెసరు రాసిన ఒక్క వ్యాసమైనా చదివి ఉండాలి.

సిఫారసు ఉత్తరం సంగతి కూడా. మన దగ్గర మాస్టార్లు ‘నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను’ అంటారు. వాళ్లకు తీరిక ఉండదు, తప్పు పట్టను. కానీ అమ్మాయి రాసుకున్న దరఖాస్తు, మాస్టారి ఉత్తరం ఒకే చేతిరాతలా ఉంటే రెండూ తేలిపోతాయి. ఆయన దగ్గర పదిహేను నిమిషాలు కూర్చుని, తన గురించి ఆయనకు గుర్తున్న ఒక సంఘటన అడిగి రాసుకోమనండి. ఫీల్డులో దిక్సూచి పాడైతే ఏం చేసిందో, ఏ నమూనా ఎవరికంటే ముందు గుర్తుపట్టిందో, అలాంటిది ఒక్కటి చాలు.

సెమిస్టరు ఎక్స్ఛేంజ్ దొరికితే మాత్రం ఒక చిక్కు ఉంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. మన సెమిస్టర్లు, వాళ్ల సెమిస్టర్లు ఒకే తేదీల్లో నడవవు. అక్కడ సెప్టెంబరులో మొదలై జనవరి, ఫిబ్రవరి దాకా సాగే సెమిస్టరులో ఉండగానే ఇక్కడ పరీక్షలు వచ్చేస్తాయి. అందుకే బయల్దేరే ముందే లెర్నింగ్ అగ్రిమెంట్ అనే పత్రం మీద మూడు సంతకాలు పడాలి: విద్యార్థిని, ఇక్కడి విశ్వవిద్యాలయం, అక్కడి విశ్వవిద్యాలయం. అక్కడ చదివే ఏ పేపరు ఇక్కడి ఏ పేపరుకు బదులుగా లెక్కవుతుందో అందులో వరుసగా రాసి ఉండాలి. విభాగాధిపతి నోటిమాటగా ‘చూద్దాంలే’ అంటే అది సరిపోదు. ఆయన బదిలీ అయితే ఆ మాటా ఆయనతో పాటే వెళ్తుంది. తిరిగొచ్చాక సప్లిమెంటరీ రాయాల్సి వస్తే ఏడాది పోతుంది. ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తుంటే హాజరు లెక్క ఎలా చూపిస్తారో కూడా కాగితం మీద అడగండి. ఈ తలనొప్పి వద్దనుకుంటే వేసవి సెలవుల్లో ఇంటర్న్‌షిప్ మేలు. మీ అమ్మాయి విషయంలో నా మొగ్గు అటే.

డబ్బు గురించి రెండు మాటలు. స్కాలర్‌షిప్ చాలాసార్లు అక్కడ చేరి, బ్యాంకు ఖాతా తెరిచాకే చేతికి వస్తుంది. గది అడ్వాన్సు, మొదటి నెల ఖర్చు, కొన్నిచోట్ల విమాన టికెట్టు కూడా ముందు మనమే పెట్టుకోవాలి. మీరు కన్సల్టెన్సీకి ఇవ్వబోయిన 80 వేలు అందుకు దాచండి. ఒక వేళ తక్కువైతే వడ్డీకి తేకుండా, టికెట్టు ముందే కొనిపెట్టే వీలుందా అని అవతలి విశ్వవిద్యాలయాన్ని అడగండి. కొన్నిచోట్ల కొనిస్తారు.

మీ బావమరిదిది తీసిపారేయాల్సిన భయం కాదు, కానీ దానికి జవాబు ఉంది. ఎక్స్ఛేంజ్‌కు వెళ్లే పిల్ల దిక్కులేకుండా వెళ్లదు. అక్కడ విదేశీ విద్యార్థుల కార్యాలయం ఉంటుంది, హాస్టలు చూపిస్తారు, ఆరోగ్య బీమా ఉంటుంది. వీలైతే ఆయన్ను కూర్చోబెట్టి, వెళ్లి వచ్చిన విద్యార్థితో వీడియో కాల్లో మాట్లాడించండి. నేను చెప్పే పది మాటలకంటే అది పనిచేస్తుంది.

ఇవన్నీ తేలడానికి నెలలు పడుతుంది. ఈలోగా చేయగల పని ఒకటుంది: పాస్‌పోర్టు. కడప ప్రధాన తపాలా కార్యాలయంలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. 36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు. దరఖాస్తు చేసే ముందు పదో తరగతి మార్కుల జాబితా తీసి పేరు చూడండి. మన పిల్లల్లో చాలామందికి అక్కడ ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంటుంది. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కుదరవు, విప్పి రాయాలి. డిగ్రీ మెమోలో ఇంకో రకంగా ఉంటే, మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులున్నట్టు అక్కడివాళ్లకు కనబడుతుంది. తేడా ఉంటే ఆ పేర్లన్నీ ఒక్కరివేనని ఇప్పుడే నోటరీ అఫిడవిట్టు చేయించి, విశ్వవిద్యాలయం నుంచి కూడా ఒక ధ్రువపత్రం తీసుకోండి. అవతలి ప్రొఫెసరు ‘రండి’ అన్నాక ఇంటిపేరు కోసం పరుగులు పెట్టినవాళ్లను చూశాను.